ఏడో పేజీలో కొట్టేసిన పేరా

అమ్మాయికి ఆశీస్సులు.

వ్యక్తి స్వేచ్ఛకు పెద్దపీట వేసే ఉదారవాదం (లిబరలిజం) మీద నీ వ్యాసం అందింది. శ్రద్ధగా రాశావు. కానీ మొదటి పేజీలోనే ఒక వాక్యం నన్ను ఆపేసింది. "ఉదారవాదుల దృష్టిలో మనిషి స్వార్థజీవి, సమాజం వ్యక్తుల మొత్తం, రాజ్యం తప్పనిసరి చెడు." ఉదారవాదులంటే ఎవరమ్మా? ఈ మాట ఎవరన్నారు, ఎప్పుడన్నారు, దేనికి భయపడి అన్నారు? వాక్యానికి కర్తగా వాదాన్ని పెట్టకు, మనిషిని పెట్టు. నలభై ఏళ్ళుగా నేను అందరికీ చెబుతున్నది ఇదే.

పదిహేడో శతాబ్దపు ఇంగ్లిష్ తత్వవేత్త జాన్ లాక్ సంగతే చూడు. 1683లో ప్రాణభయంతో హాలండుకు పారిపోయాడు. ప్రభుత్వం గురించి రాసిన గ్రంథాన్ని 1689 చివర్లో పేరు లేకుండా అచ్చు వేయించాడు. అది తనదేనని వీలునామాలో తప్ప బయటపెట్టలేదు. అంత భయంలోనూ మనిషిని స్వార్థజీవి అనలేదు. ప్రభుత్వం పుట్టక ముందు కూడా మనిషికి వివేకం ఉందనీ, ఎదుటివాడి ప్రాణం, స్వేచ్ఛ, ఆస్తి జోలికి పోకూడదని తెలుసనీ అన్నాడు. తగవు వస్తే తీర్చే పెద్దమనిషి లేకపోవడమే ఆయన చూసిన ఇబ్బంది. భయమూ స్వార్థమూ లాక్ కంటే ముందరి తత్వవేత్త హాబ్స్ మాటలు. ఆయన ఉదారవాదేనా అన్న తగాదా ఇంకా తేలలేదు.

ప్రభుత్వం కూలినా సమాజం నిలుస్తుందన్న లాక్ మాట మీద చిన్న వయసులో నేనొక వ్యాసం రాశాను. ఒక సంపాదకుడు పాఠకులు తికమకపడతారని రాజ్యాన్నీ సమాజాన్నీ కూడా 'ప్రభుత్వం' అని దిద్దేశాడు. "ప్రభుత్వం కూలినా ప్రభుత్వం నిలుస్తుంది" అని నా పేరు మీద అచ్చయింది. ఆ పత్రిక పట్టుకుని బస్టాండులో కూర్చుని ఏడ్చాను. పాఠకుడికి అర్థం కాదనే సంపాదకుణ్ణి ఆ తర్వాత ఎన్నడూ నమ్మలేదు.

పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లిష్ తత్వవేత్త జాన్ స్టువర్ట్ మిల్ 1823 నుంచి 1858 దాకా లండన్‌లో ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి. మరుసటి ఏడాదే స్వేచ్ఛ మీద పుస్తకం తెచ్చాడు. మానవ స్వభావం నమూనా చూసి తయారుచేసే యంత్రం కాదనీ, అన్ని వైపులా పెరగవలసిన చెట్టనీ అందులో అన్నాడు. అదే పుస్తకంలో, ఈ స్వేచ్ఛ వెనుకబడిన సమాజాలకు వర్తించదనీ, బాగుచేసే ఉద్దేశం ఉంటే అక్కడ నిరంకుశ పాలన సబబేననీ రాశాడు. నువ్వు చెట్టును ఉంచి దీన్ని వదిలేశావు. ఆ లెక్కలో వెనుకబడినవాళ్ళు మన పూర్వీకులే. ఎలా వదిలావు?

ఆక్స్‌ఫర్డ్ తత్వవేత్త టి.హెచ్. గ్రీన్ పేరు నీ వ్యాసంలో లేనేలేదు. 1880లో ఇంగ్లండులో ఒక చట్టం వచ్చింది. పంట మేసే కుందేళ్ళను కౌలు రైతు చంపుకోవచ్చు. ఆ హక్కు వదులుకున్నానని భూస్వామి రాయించుకున్నా చెల్లదు. ఒప్పంద స్వేచ్ఛ పోయిందని గగ్గోలు పుట్టింది. మరుసటి ఏడాది లెస్టర్ పట్టణంలో ఇచ్చిన ఉపన్యాసంలో గ్రీన్ ఆ చట్టం వైపు నిలబడ్డాడు. చేయదగిన పని చేయగల శక్తే స్వేచ్ఛ అన్నాడు. 1884లో మరో ఇంగ్లిష్ తత్వవేత్త హెర్బర్ట్ స్పెన్సర్ ఇలాంటి చట్టాలన్నిటి మీదా విరుచుకుపడ్డాడు. ఇద్దరూ ఉదారవాదులే. 'తప్పనిసరి చెడు' ఈ ఇద్దరిలో ఎవరి మాటో చెప్పు.

పుస్తకంగా వేయవచ్చా అని అడిగావు. అది తర్వాత.

ఏడో పేజీలో అడ్డంగా గీత కొట్టిన పేరా ఉంది. వెలుగుకు పట్టి చదివాను. నీ ఉపకార వేతనానికి ఆదాయ ధ్రువపత్రం కోసం మీ అమ్మ తహసీల్దారు కార్యాలయం వరండాలో మధ్యాహ్నం దాకా కూర్చుంది. చెప్పులు గుమ్మం బయట విడిచి లోపలికి వెళ్ళింది. గుమాస్తా తలెత్తకుండానే రేపు రమ్మన్నాడు. పక్కన పెన్సిలుతో "వ్యాసానికి తగదు" అని రాసుకున్నావు. అమ్మా, ఆ కాగితం ఇచ్చే రాజ్యం లేకపోతే నీకు చదువు లేదు. అది ఉన్నందుకే ఆమె చెప్పులు విడవవలసి వచ్చింది. లాక్ భయమూ గ్రీన్ ఆశా ఆ గుమ్మం దగ్గరే ఉన్నాయి. ఆ పేరా దగ్గర నా కళ్ళు తడిశాయి.

దాన్ని యథాతథంగా తిరిగి పెట్టి పంపు. ఆ మర్నాడు పత్రం చేతికి వచ్చిందో లేదో నువ్వు రాయలేదు. అదీ రాయి.