అమ్మేముందు ఇంటి ధర తేలేదెలా?

ప్రశ్న: విజయవాడలో నాన్నగారు కట్టిన 150 గజాల ఇల్లు అమ్ముదామనుకుంటున్నాం. బ్రోకర్లు తలో రేటు చెబుతున్నారు, టెన్షన్‌గా ఉంది. ఏది నమ్మాలి?

జవాబు: ముందు సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో ప్రభుత్వ విలువ కనుక్కోండి, కానీ అది స్టాంపు డ్యూటీ లెక్క కోసం పెట్టింది, బయట ధర చాలాచోట్ల అంతకంటే ఎక్కువే ఉంటుంది. అసలు సంగతి మీ వీధిలోనే తెలుస్తుందండీ. ఈమధ్య అక్కడ ఇల్లు కొన్నవాళ్లను గజం ఎంతకి తెగిందో అడగండి, చెప్పిన రేటు వేరు, చేతులు మారిన డబ్బు వేరు. పాత ఇంట్లో గోడల కన్నా స్థలానికే విలువ, అందుకే టేపు పెట్టి కొలిపించండి; దస్తావేజులో 150 ఉండి నేల మీద 142 వస్తే బేరం అక్కడే మొదలవుతుంది. బ్యాంకులకు విలువ కట్టే వాల్యుయర్‌తో రిపోర్టు కూడా రాయించుకోండి. అప్పటిదాకా ఎవరి దగ్గరా అడ్వాన్సు తీసుకోకండి.