క్లాసులో పక్క పిల్లల్నే చూస్తున్నాడంట, మా బాబుకి ఏడీహెచ్‌డీ ఉందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా బాబుకి 7 ఏళ్లు. ఖమ్మం దగ్గర మా అత్తగారి ఊళ్లో ఉమ్మడి ఇంట్లో పెరిగాడు, పోయినేడు టెక్సాస్ వచ్చాం. క్లాసులో తన పని వదిలేసి పక్కవాళ్లకి చెప్పేదంతా చూస్తూ కూర్చుంటాడంట, ఏడీహెచ్‌డీ ఉందేమో టెస్ట్ చేయించమని టీచర్ అంటున్నారు. ఇంట్లో మాకు అలా ఏం అనిపించట్లేదు. ఇది జబ్బా, మా పెంపకంలో లోపమా?

జవాబు: అమ్మా, ముందు ఆ పెంపకం బాధ మనసులోంచి తీసేయండి. ఏడీహెచ్‌డీ అంటే ధ్యాస నిలవకపోవడం, కుదురుగా ఉండలేకపోవడం లాంటి సమస్య. అది పెంపకం వల్ల రాదు, చాలావరకు వంశంలోంచి వచ్చేది. అలాగని మీవాడికి అదే ఉందని మీ ఉత్తరం ఒక్కటి చూసి ఎవరూ చెప్పకూడదు.

దేని మీద ధ్యాస నిలపాలి, దేన్ని పట్టించుకోకూడదు అనేది ఎక్కువగా చూసుకునేది మెదడు ముందు భాగం, ప్రీఫ్రంటల్ కార్టెక్స్ అంటాం, డోపమైన్, నారడ్రినలిన్ అనే మెదడు రసాయనాలు సరిపడా అందితేనే అది సరిగ్గా పనిచేస్తుంది, పూర్తిగా ఎదగడానికి దాదాపు 25 ఏళ్లు పడుతుంది. ఇదంతా అందరికీ ఒకటే, కానీ ఆ ధ్యాసని ఎటు తిప్పాలో నేర్పేది మాత్రం ఇల్లూ, ఊరూ.

మధ్య అమెరికాలోని గ్వాటెమాలాలో, అక్కడి మూలవాసులైన మాయన్ కుటుంబాల మీద బార్బరా రోగాఫ్ అనే సైకాలజిస్టు, ఆమెతో పనిచేసేవాళ్లు చాలా ఏళ్లు స్టడీ చేశారు. 2009లో వచ్చినది మీ బాబు విషయానికి బాగా దగ్గర. ఒక పిల్లాడికి బొమ్మ చేయడం నేర్పుతూ వాడి అన్ననో చెల్లినో పక్కన ఊరికే కూర్చోబెట్టారు. సంప్రదాయ మాయన్ ఇళ్ల పిల్లలు, తమకి ఎవరూ చెప్పకపోయినా, ఆ నేర్పేదంతా శ్రద్ధగా చూశారు, వారం తర్వాత అదే బొమ్మ చేయమంటే అమెరికా పిల్లలకన్నా తక్కువ సాయంతో చేసేశారు! పెద్దవాళ్ల పనులు చూసి నేర్చుకునే ఇళ్లలో దీన్ని దిక్కులు చూడటం అనరు, అక్కడ చదువంటేనే అది. ఈ స్టడీ తెలుగు పిల్లల మీద చేసింది కాదు గానీ, నలుగురు పెద్దల మధ్య పెరిగిన మీవాడిదీ ఇదే అలవాటేమో అని నాకు గట్టిగా అనిపిస్తోంది.

అలవాటు మార్చుకోవడం మెదడుకి ఊరికే అయ్యే పని కాదు. 2008లో అమెరికా వాళ్లకీ, అక్కడికి కొత్తగా వచ్చిన తూర్పు ఆసియా వాళ్లకీ మెదడు స్కానర్‌లో గీతలు చూపించారు, ఒకసారి గీతని చుట్టూ ఉన్న పెట్టెతో పోల్చి చూడమని, ఇంకోసారి పెట్టెని వదిలేసి గీత ఒక్కటే చూడమని. తమకి అలవాటు లేని పద్ధతిలో చూడాల్సి వచ్చినప్పుడు రెండు గుంపుల్లోనూ ధ్యాసని అదుపు చేసే భాగాలు ఎక్కువ కష్టపడ్డాయి. గుంపుకి 10 మందే, చిన్న స్టడీ, కానీ అమెరికా పద్ధతులకి బాగా అలవాటు పడ్డవాళ్లలో ఆ కష్టం తక్కువగా కనిపించింది. మీవాడు ఇదంతా కొత్త ఇంగ్లీష్ యాసలో చేస్తున్నాడు, అలసిపోడా మరి?

అయితే "మా ఇళ్లలో పిల్లలంతా ఇంతే" అని వదిలేయడం కూడా తప్పే, అలా వదిలేస్తే నిజంగా ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లలు ఏళ్ల తరబడి తిట్లు తింటూ పెరుగుతారు. లక్షణాలు 12 ఏళ్లలోపే మొదలై, కనీసం 6 నెలలు ఉండి, స్కూల్, ఇల్లు లాంటి రెండు చోట్లా ఇబ్బంది పెడితేనే ఏడీహెచ్‌డీ అంటాం. ఒక్క క్లాసులోనే కనిపిస్తోందంటే ముందు చూపు, వినికిడి, నిద్ర, భాష చూడాలి. ఈ వయసుకి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి.

టీచర్‌కి ఇంట్లో ఎలా పెరిగాడో వివరంగా చెప్పండి, ముందు వరసలో కూర్చోబెట్టి ఒకసారికి ఒక్క పనే చెప్పమని అడగండి. పక్కవాళ్లకి చెప్పింది వీడు నేర్చుకున్నాడా లేదా అన్నదీ గమనించమనండి, అది చాలా ముఖ్యం. ఇంట్లో టీవీ ఆపేసి కాసేపు ఒకే పని చేయించండి, వంటగదిలో మీ పక్కన నిలబడి చూడటం మాత్రం మాన్పించొద్దు.

టెస్ట్ వద్దనకండి. తల్లిదండ్రులూ, టీచరూ విడివిడిగా నింపే వాండర్‌బిల్ట్ అనే ఫారం ఉంటుంది, పీడియాట్రీషియన్‌ని అడిగి తీసుకోండి. ఒకవేళ ఏడీహెచ్‌డీ అనే తేలినా ఈ వయసులో బిహేవియర్ థెరపీ, మందులు రెండూ బాగా పనిచేస్తాయి.