ముందు గోడ, తర్వాత పువ్వులు

చిన్నీకి,

పెద్దమ్మ ఆశీస్సులు. మెట్ల కిందున్న చిన్న టాయిలెట్‌ని చుట్టాలొస్తే చూపించుకునేలా పౌడర్ రూమ్‌గా, అంటే స్నానం లేకుండా కమోడ్, బేసిన్ మాత్రమే ఉండే గదిగా మారుస్తున్నావనీ, నాలుగు గోడలకీ ముదురు నీలం పువ్వుల వాల్‌పేపర్ ఎంచావనీ మీ అమ్మ చెప్పింది. చిన్న గదికి తెలుపే వెయ్యాలనే వాళ్ల మాట నువ్వు వినకపోవడం నాకు నచ్చింది. కిటికీ లేని చోట తెలుపు మాసినట్టే కనిపిస్తుంది. ముదురు రంగులో మూలలు కలిసిపోయి, గది ఎక్కడ ఆగిందో కన్ను పట్టుకోలేదు. సీలింగుకీ అదే నీలం వేయించు. స్నానం చెయ్యని గది కనక ఆవిరి బెడద లేదు, కాగితం నిలుస్తుంది. ఒకే బ్యాచ్ నంబరు రోల్సు తీసుకో, ఒకటి ఎక్కువ కొను. పెద్ద పువ్వులు జత కలపడంలో చాలా కాగితం వృథా అవుతుంది.

ఇక అసలు విషయం. బేసిన్ వెనక మూలన చెమ్మ మరక ఉంటే, "వాల్‌పేపర్ కింద పోతుందిలే" అన్నావట. ఎక్కడికి పోతుందే? చెమ్మ గోడని కప్పేయడం అందరూ చేసే పాత తప్పే. వినైల్ కాగితం, అంటే ప్లాస్టిక్ పూత ఉన్నది, గోడని ఊపిరి తీసుకోనివ్వదు. లోపలి తడి బయటికి రాలేక జిగురుని వదులు చేస్తుంది, కాగితం వెనక నల్లగా బూజు పడుతుంది. అంచు లేచి నీకు కనిపించేసరికి గోడంతా పాకి ఉంటుంది. చెక్క ప్యానెల్ పెట్టినా ఇంతే, కాకపోతే అది ఉబ్బుతుంది.

కాబట్టి ముందు పరీక్ష. అడుగున్నర చదరం ప్లాస్టిక్ షీటుని మరక మీద పెట్టి నాలుగు అంచులా టేపు అంటించు. రెండు రోజులు కదపకు. షీటు లోపలివైపు, అంటే గోడవైపు నీటి చుక్కలు పడితే తడి గోడలోంచే వస్తోంది. బయటివైపే పడితే అది గదిలో గాలి తడి, ఎగ్జాస్ట్ ఫ్యాన్ చాలు. గోడదే అని తేలితే ఇంట్లో కుళాయిలన్నీ కట్టేసి నీళ్ల మీటరు చూడు. తిరుగుతోందంటే ఎక్కడో పైపు కారుతోంది. తిరగకపోతే బేసిన్ నీళ్లు పోయే గొట్టాన్నీ, బయటి గోడనీ అనుమానించు. గోడలో దాగిన పైపులకి ప్లంబరు చేత ప్రెజర్ టెస్ట్, అంటే ఒత్తిడి పెట్టి ఎక్కడైనా కారుతోందేమో చూసే పరీక్ష, చేయించకుండా ఏదీ మూయనివ్వకు.

కారడం ఆగాక కూడా తొందర వద్దు. తెల్లటి ఉప్పు పూత ఉంటే పొడి బ్రష్‌తోనే దులుపు. నీళ్లతో కడిగితే ఉప్పు కరిగి మళ్లీ గోడలోకే పోతుంది. నాణెంతో తట్టి బోలుగా మోగిన ప్లాస్టరింగంతా ఇటుక కనిపించేదాకా కొట్టించు. కొత్త ప్లాస్టరింగు ఆరడానికి కనీసం నాలుగు వారాలు. ఆ తర్వాత సిమెంటు పుట్టీ, ప్రైమరు, చివర్న నీ పువ్వులు. జిప్సం పుట్టీ వేస్తామంటే ఒప్పుకోకు, అది తడి తగిలితే మెత్తబడుతుంది. బేసిన్ పైన ఆరంగుళాలు టైలు వేయించు, లేకపోతే చిందిన నీళ్లకి కాగితం అంచు చెడుతుంది.

కోప్పడ్డానని మూతి ముడుచుకోకు. నీ కన్ను మంచిదని తెలిసే ఇంత చెబుతున్నాను.

బేసిన్ గోడకి బిగించేదే తీసుకో, గోడ నుంచి ముందుకి 10 నుంచి 12 అంగుళాలు వస్తే చాలు, పై అంచు నేల నుంచి 32, 33 అంగుళాల ఎత్తులో. కింద బాటిల్ ట్రాప్, అంటే కాసిని నీళ్లు నిలిపి మురుగు వాసన పైకి రాకుండా ఆపే సీసాలాంటి గొట్టం, కనబడుతుంది కనక క్రోమ్ పూత ఇత్తడిది కొను. కమోడ్ మధ్య నుంచి పక్క గోడకి 15 అంగుళాలకి తగ్గనివ్వకు. అద్దం ఎంత పెద్దదైనా పర్వాలేదు. లైటు మాత్రం సీలింగులో ఒక్కటి పెట్టి ఊరుకోకు, అందరి కళ్ల కిందా నీడలు పడతాయి. అద్దానికి రెండు పక్కలా, కళ్ల ఎత్తున, 3000 కెల్విన్‌వి, అంటే కాస్త పసుపు ఛాయ వెలుగువి పెట్టు.

నేలకి మెరిసే టైల్సు అంటే నేను ఒప్పుకోను, గరుకువే వెయ్యి. ఎక్కువగా వాడని గది కనక నేల జాలీ కింద ట్రాప్‌లో నీళ్లు ఇంకిపోతే వాసన కొడుతుంది. వారానికోసారి ఒక చెంబు పొయ్యి.

తలుపు లోపలికి తెరుచుకునేదేనా? ఇంత ఇరుకులో ఎవరైనా కళ్లు తిరిగి పడితే మనిషే తలుపుకి అడ్డం, బయటివాళ్లు నెట్టలేరు. బయటికి తెరుచుకునేలా మార్పించు. గడియ కూడా బయట నుంచి నాణెంతో తిప్పగలిగేది పెట్టించు. పసివాళ్లు వేసుకుని ఏడిస్తే తలుపు పగలగొట్టే పని ఉండదు. కింద ముప్పావంగుళం సందు వదలమను, లేకపోతే ఫ్యాన్‌కి లాగడానికి గాలే అందదు. వడ్రంగితో మాట్లాడి నాకు ఫోన్ చెయ్యి.

మీ పెద్దమ్మ