ఎనిమిది థ్రెడ్లు పెట్టినా టైమ్ తగ్గలేదేం?

ప్రశ్న: నా పైథాన్ స్క్రిప్ట్ 2 లక్షల టెక్స్ట్ ఫైళ్లు చదివి, పదాలు విడగొట్టి, ఏ పదం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కగడుతుంది. 8 కోర్లున్నాయి కదా అని 8 థ్రెడ్లు (ఒకే ప్రోగ్రామ్‌లో పక్కపక్కన నడిచే పనులు) పెట్టాను, టైమ్ ఏమాత్రం తగ్గలేదు. ఒకరు డాస్క్ అంటున్నారు, ఒకరు రే అంటున్నారు, ఇంకొకరు ఎంపీఐ నేర్చుకోమంటున్నారు. దేంతో మొదలుపెట్టాలి?

జవాబు: పని పంచిపెట్టే ఆ మూడు సాధనాలూ ప్రస్తుతానికి పక్కన పెట్టండి. మీకు కావలసింది పైథాన్‌తోపాటే వచ్చేసింది.

మామూలు పైథాన్ లోపల గిల్ (GIL) అనే తాళం ఒకటుంటుంది, అది ఏ థ్రెడ్ చేతిలో ఉంటే ఆ థ్రెడ్ మాత్రమే పైథాన్ కోడ్ నడుపుతుంది, మిగతా ఏడూ వంతు కోసం చూస్తూ కూర్చుంటాయి. డిస్క్ నుంచో నెట్ నుంచో డేటా రావాల్సినప్పుడు థ్రెడ్ ఆ తాళం వదిలేస్తుంది కాబట్టి డౌన్‌లోడ్ల లాంటి వాటికి థ్రెడ్లు భేషుగ్గా పనికొస్తాయి. మీది ప్రాసెసర్‌ని అరగదీసే పని. నమ్మకం కుదరకపోతే స్క్రిప్ట్ నడుస్తుండగా టాస్క్ మేనేజర్ తెరవండి, మొత్తం వాడకం 12, 13 శాతం దగ్గరే తచ్చాడుతుంటే పనిచేస్తున్నది ఒక్క కోరే.

కాంకరెంట్ ఫ్యూచర్స్ (concurrent.futures) అనే మాడ్యూల్ పైథాన్ 3.2 వెర్షన్ నుంచీ ఉంది. అందులోని ప్రాసెస్ పూల్ ఎగ్జిక్యూటర్ (ProcessPoolExecutor) వాడండి, అది థ్రెడ్లకు బదులు విడివిడి ప్రోగ్రామ్‌ల్లా నడిచే ప్రాసెస్‌ల గుంపుకి, అంటే పూల్‌కి, పని పంచుతుంది. ఒక్కో ప్రాసెస్‌కి సొంత ఇంటర్‌ప్రెటర్ (కోడ్ నడిపే పైథాన్), సొంత తాళం. కాకపోతే ఒక ప్రాసెస్ నుంచి ఇంకోదానికి ఏది పంపినా పికిల్ చేసి, అంటే బైట్లుగా మూటగట్టి, అవతల మళ్లీ విప్పుకోవాలి, ఇక్కడే చాలామంది దెబ్బతింటారు. నేనూ తిన్నాను: ఫైళ్లన్నీ మెయిన్ ప్రాసెస్‌లో చదివి ఆ టెక్స్ట్ మొత్తం పూల్‌కి పంపితే, ఒంటరిగా నడిచినప్పటికంటే ఎక్కువ సేపు పట్టింది! ఫైల్ పేరు మాత్రమే పంపండి, చదవడం పూల్‌లోని ప్రాసెస్‌లోనే జరగాలి. పూల్‌కి పనులు పంచే మ్యాప్‌లో చంక్‌సైజ్ (ఒక్కోసారి ఎన్ని ఫైల్ పేర్లు పంపాలో చెప్పే chunksize) ఏమీ ఇవ్వకపోతే 1 అనుకుంటుంది, అంటే 2 లక్షల సార్లు రాకపోకలు, దానికి 500 ఇచ్చి చూడండి. విండోస్ అయితే పూల్ మొదలుపెట్టే కోడ్‌ని మెయిన్ గార్డ్ (if __name__ == '__main__':) లోపల పెట్టడం మర్చిపోకండి, లాంబ్డాలు (పేరు లేని చిన్న ఫంక్షన్లు) పంపకండి, అవి పికిల్ కావు.

ఇక మీవాళ్లు చెప్పినవి. మెమరీలో పట్టనంత పెద్ద టేబుళ్లుంటే డాస్క్, పని నాలుగైదు మెషీన్లకు పంచాలంటే రే, క్లస్టర్ (కలిపి కట్టిన కంప్యూటర్ల గుంపు) మీద సైంటిఫిక్ లెక్కలైతే ఎంపీఐ. ముందుముందు నమ్‌పై (అంకెల లెక్కల లైబ్రరీ) వాడితే, దాని మ్యాట్రిక్స్ లెక్కలు చాలావరకు లోపల సొంత థ్రెడ్లతోనే నడుస్తాయి, దాని మీద మళ్లీ 8 ప్రాసెస్‌లు పెడితే 64 థ్రెడ్లు కొట్టుకుంటాయి. గిల్ లేని పైథాన్ కూడా ఉంది, అది 3.13 వెర్షన్‌తో 2024లో ప్రయోగంగా వచ్చింది, 3.14లో అధికారికమైంది, అయినా అది విడిగా ఇన్‌స్టాల్ చేసుకోవాల్సిన వేరే బిల్డ్, మీరు వాడే లైబ్రరీలన్నీ దానికి సిద్ధంగా ఉండాలి.

ముందు 2 వేల ఫైళ్ల మీద 1, 4, 8 ప్రాసెస్‌లతో నడిపి టైమ్ రాసుకోండి. 8తో ఎనిమిది రెట్లు రాదు, టెన్షన్ పడకండి, పనిలో పదో వంతు ఒంటరిగా నడవాల్సిందే అయినా 4.7 రెట్లు దాటదు. 4కీ 8కీ అసలు తేడానే లేకపోతే మాత్రం డిస్క్ దగ్గరో, చివర్లో లెక్కలన్నీ కలిపే చోటో ఆగిపోతోందేమో చూడండి.