ఇంటర్వెల్ టైమ్‌లో వెళ్లి చూడండి

"మా అబ్బాయిని కేథలిక్ బాయ్స్ హైస్కూల్లో వేద్దామనుకుంటున్నాం. చదువుతో పాటు సర్వతోముఖాభివృద్ధి, ప్రతి విద్యార్థికీ అండ అంటున్నారు. నిజంగా ఉంటాయా?" అని అడిగారు. ఉంటాయి. నేను అలాంటి బళ్లోనే చదివాను. కాకపోతే అవి బ్రోచర్లో ఫొటో వేసిన చోట దొరకవు.

తొమ్మిదో తరగతిలో నా పక్కన కూర్చునేవాడు ఉన్నట్టుండి మాట్లాడటం తగ్గించేశాడు. మార్కులు పడిపోయాయి. ఒక మాస్టారు క్లాసులో నిలబెట్టి తిట్టారు. ఇంకొకరు కౌన్సెలర్ని కలవమని స్లిప్పు రాసిచ్చారు. ఆ గది స్టాఫ్ రూమ్ పక్కనే ఉండేది. ఆ తలుపు తోసి లోపలికి వెళ్తే సాయంత్రానికల్లా బడంతా తెలిసిపోతుంది. వాడు స్లిప్పు మడిచి జేబులో పెట్టుకున్నాడు, అంతే.

ఆటల సామాన్లు చూసుకునే బ్రదర్ (ఫాదర్ కాని కేథలిక్ సన్యాసి) ఒకాయన ఉండేవారు. ఒకరోజు బెల్లయ్యాక మా ఇద్దర్నీ పిలిచి, "బంతుల్లో గాలి దిగిపోయింది, కాస్త పట్టండిరా" అన్నారు. సామాన్ల గదిలో కాదు, అందరూ తిరిగే వరండాలో కూర్చోబెట్టారు. సూదిని నీళ్లలో ముంచి వాల్వులోకి మెల్లగా దించడం ఆయన పని, పంపు కొట్టడం మా వంతు. వాడి ముఖం వైపు ఆయన చూడనేలేదు. బంతిని బొటనవేలితో నొక్కి, "ఇంకాస్త" అనేవారు. అలా కొన్ని బంతులయ్యాక, పంపు మీద చేతులు తియ్యకుండానే వాడు, "మా నాన్న ఇంటికి రావట్లేదు బ్రదర్" అన్నాడు. ఆయన ఓదార్చలేదు. "అమ్మ అన్నం తింటోందా?" అని అడిగారు. అప్పుడు ఏడ్చాడు వాడు. పక్కనే ఉన్న నాకు అప్పటిదాకా ఆ సంగతే తెలియదు.

ఆ తర్వాత వాడిని ఫీజు ఎవరూ అడగలేదు. తిట్టిన మాస్టారే సాయంత్రాలు కూర్చోబెట్టి లెక్కలు చెప్పడం మొదలుపెట్టారు. ఎవరు ఎవరితో మాట్లాడారో మాకు తెలియనివ్వలేదు.

మగపిల్లల్ని ఎదురుగా కూర్చోబెట్టి "ఏమైంది, చెప్పు" అంటే చెప్పరు. చేతికి పని ఇచ్చి పక్కన కూర్చుంటే చెబుతారు. ఈ విషయంలో నేను ఎవరితోనైనా వాదిస్తాను. ఇటలీలోని ట్యూరిన్‌లో దిక్కులేని పిల్లల మధ్య జీవితమంతా గడిపిన కేథలిక్ ఫాదర్ డాన్ బోస్కో నమ్మిందీ ఇదే. తప్పు చేశాక శిక్షించడం కన్నా, తప్పు జరగకముందే పిల్లల మధ్య ఉండటం మేలని ఆయన 1877లో రాశారు. 1884లో రోమ్ నుంచి రాసిన ఉత్తరంలో అయితే, ఆటల వేళ పెద్దలు పిల్లలతో కలవడం మానేశారని బాధపడ్డారు. పిల్లల్ని ప్రేమిస్తే చాలదు, ఆ ప్రేమ వాళ్లకి తెలియాలి అన్నది ఆ ఉత్తరం సారాంశం. ఆయన పేరు పెట్టుకున్న బళ్లలోనైనా టీచర్లందరూ దాన్ని ఏడాదికోసారి చదివితే బాగుండు.

ఆటల మాట వచ్చింది కాబట్టి ఇది కూడా చెప్పాలి. 1965లో ప్రపంచంలోని కేథలిక్ బిషప్పులు కూడిన రెండో వాటికన్ మహాసభ విద్య మీద ఇచ్చిన ప్రకటన పిల్లల శారీరక, నైతిక, మేధాశక్తులు మూడూ కలిసి ఎదగాలంటుంది. మరి పరీక్షలు దగ్గరపడగానే పీటీ పీరియడ్ లెక్కల మాస్టారి చేతికి ఎందుకు వెళ్తుంది? మిగతా రోజుల్లో గ్రౌండంతా స్కూల్ టీమ్‌దే ఎందుకవుతుంది? పరుగెత్తలేనివాడు, లావుగా ఉన్నవాడు, బంతంటే భయపడేవాడు గోడ పక్కన నిలబడి చూస్తుంటారు. ఆట ఎక్కువ అవసరమైంది వాళ్లకే. దీని మీద నాకు ఇప్పటికీ కోపం పోలేదు.

ఇంకోటి, సంస్థ పేరు చూసి కళ్లు మూసుకుని నమ్మేయకండి. బళ్లు నడిపే క్రిస్టియన్ బ్రదర్స్ అనే కేథలిక్ సంస్థను ఎడ్మండ్ రైస్ 1802లో మొదలుపెట్టింది పేద పిల్లల చదువు కోసమే. అదే సంస్థ ఐర్లాండ్‌లో నడిపిన పారిశ్రామిక పాఠశాలల్లో, అంటే పేద, దిక్కులేని పిల్లల్ని ఉంచిన హాస్టల్ బళ్లలో, పిల్లల్ని ఏళ్ల తరబడి హింసించారని అక్కడి విచారణ సంఘం 2009లో తేల్చింది. అందుకే బాలల రక్షణ నియమాలు రాతపూర్వకంగా ఉన్నాయా, పిల్లాడు ఫిర్యాదు చేయాలంటే బడికి బయటి మనిషి ఎవరైనా ఉన్నారా అని అడగండి. మంచి బడి ఈ ప్రశ్నకి నొచ్చుకోదు. మా బ్రదర్ మమ్మల్ని గదిలో కాకుండా అందరి కళ్లెదుటే వరండాలో కూర్చోబెట్టడంలో ఎంత ఆలోచన ఉందో నాకు పెద్దయ్యాకే అర్థమైంది.

అడ్మిషన్ ఫారం నింపేముందు ఇంటర్వెల్ టైమ్‌లో ఒకసారి వెళ్లండి. టీచర్లు స్టాఫ్ రూమ్‌లో ఉన్నారా, పిల్లల్లో ఉన్నారా చూడండి. ఒంటరిగా నిలబడ్డ పిల్లాడి దగ్గరికి ఎవరైనా వెళ్తున్నారా గమనించండి. తర్వాత ప్రిన్సిపాల్‌ని కలిసి, "పోయిన ఏడాది ఫెయిలైన పిల్లలు ఇప్పుడెక్కడున్నారు?" అని అడగండి. ర్యాంకులు వచ్చినవాళ్ల సంగతి ఎలాగూ వాళ్లే చెబుతారు. ఫెయిలైనవాళ్ల గురించి పేరు పేరునా చెప్పగలిగితే, మీ అబ్బాయిని నిశ్చింతగా చేర్పించండి.