ఊరికే చేసే పనికీ కాగితం రాసుకోవాలి

ప్రశ్న: నేను ప్రెషర్ వాషింగ్ కాంట్రాక్టర్‌ని, అంటే మెషిన్‌తో నీళ్లను గట్టి ధారగా కొట్టి కడిగే పని. నాతో ఇద్దరు కుర్రాళ్లు పనిచేస్తారు. ఒక వృద్ధాశ్రమం వాళ్లు ర్యాంపు, గోడలు, చెక్క బెంచీలు, ఒక పాలరాతి ఫలకం కడిగిపెట్టమని అడిగారు. డబ్బు తీసుకోవాలని లేదు. కానీ పని ఎక్కడిదాకా పెరుగుతుందో, ఏదైనా పాడైతే ఏమంటారో అని టెన్షన్‌గా ఉంది. ఎలా మొదలుపెట్టమంటారు?

జవాబు: తప్పకుండా ఒప్పుకోండి. పాచి పట్టిన ర్యాంపు మీద చక్రాల కుర్చీ తోసే మనిషి ఒక్కో అడుగూ ఎంత భయంగా వేస్తారో చూసినవాణ్ని కాబట్టి ఇంత గట్టిగా చెబుతున్నాను. మీ టెన్షన్ కూడా సరైనదే. అది నాకు లేకపోవడం వల్లే నా మొదటి ఉచిత పని పాడైంది.

అది పిల్లల వసతి గృహం. ఊరికే చేస్తున్నాం కదా అని ముందురోజు వెళ్లి చూడలేదు, ఫొటో తీయలేదు, ఏదీ రాసుకోలేదు. నేల కడగడం అయ్యాక చెట్టు కింద నల్లబడ్డ చెక్క బెంచీ కనిపించింది. కాంక్రీటుకి పెట్టిన 3000 పీఎస్‌ఐ (నీటి ఒత్తిడి కొలత) తగ్గించకుండా, సన్నటి గట్టి ధార వచ్చే పసుపు నాజిల్‌తో జానెడు దూరం నుంచి కొట్టాను. నలుపంతా పోయి చెక్క తేటగా తేలింది. ఆరాక చెయ్యి వేస్తే పీచు లేచి అరచేతికి గుచ్చుకుంది. వెనక పలక మీద చెక్కిన పేరు అంచులు అరిగిపోయాయి. అక్కడే పెరిగి చనిపోయిన ఒక అబ్బాయి గుర్తుగా చేయించిన బెంచీ అని వార్డెన్ గారు అప్పుడు చెప్పారు. నన్ను ఒక్క మాట అనలేదు. రెండు ఆదివారాలు వెళ్లి గరుకు కాగితంతో రుద్ది, నూనె పట్టించాను. పీచు పోయింది. అక్షరాలు మాత్రం ముందులా రాలేదు.

అందుకని ముందు ఆశ్రమం బాధ్యులతో కలిసి ఆవరణంతా నడవండి. ఏవి కడుగుతారు, ఏవి ముట్టుకోరు, ఎన్ని గంటలు ఉంటారు, ఇప్పటికే ఎక్కడ పగుళ్లున్నాయి, ఎక్కడ పెయింటు లేచింది అన్నీ ఒక కాగితం మీద రాసి, ఫొటోలు తీసి, ఇద్దరూ సంతకం పెట్టండి. డబ్బు తీసుకోని పనికి మీ ఇన్సూరెన్స్ వర్తిస్తుందో లేదో కంపెనీని అడిగి రాతపూర్వకంగా తెప్పించుకోండి. కుళాయి కూడా చూసుకోండి. మీ మెషిన్ నిమిషానికి 15 లీటర్లు తాగుతుంటే, కుళాయి అంతకన్నా కొంచెం ఎక్కువే ఇవ్వాలి కాబట్టి 20 లీటర్ల బకెట్ నిమిషంలో నిండాలి. నిండకపోతే ట్యాంకు తీసుకెళ్లండి. నీళ్లు చాలక గాలి పీలిస్తే పంపు దెబ్బతింటుంది.

పని మాత్రం ర్యాంపుతోనే మొదలుపెట్టండి, తర్వాత మెట్లు, నడిచే దారి. మధ్యలో వర్షం వచ్చి పని ఆగినా అవసరమైనది అయిపోయి ఉంటుంది. గోడల పాచికి ప్రెషర్ అక్కర్లేదు. పలుచని బ్లీచ్ ద్రావణం చల్లి, ఆరిపోనివ్వకుండా పది నిమిషాలు ఉంచి, నెమ్మదిగా కడిగితే చాలు. మొక్కలను ముందూ తర్వాతా మంచినీళ్లతో బాగా తడపండి. ఆ కడిగిన నీళ్లు వానకాలువలోకి పోకుండా అడ్డుకట్ట వేయండి. ఉబ్బసం ఉన్నవాళ్లెవరైనా ఉంటే ఆ వైపు కిటికీలు మూయించండి. మరకలకు వాడే యాసిడ్ ఆ దరిదాపుల్లో ఉండకూడదు. బ్లీచ్, యాసిడ్ కలిస్తే విషపూరితమైన క్లోరిన్ వాయువు పుడుతుంది.

బెంచీలకు ధారను వెడల్పుగా పరిచే తెల్ల నాజిల్, తక్కువ ప్రెషర్, దూరం. ముందు ఎవరికీ కనిపించని అడుగు భాగంలో కొట్టి చూడండి. పాలరాతి ఫలకాన్ని మాత్రం మెషిన్‌తో కడగనని చెప్పేయండి. పాతబడ్డ పాలరాయి పైపొర పంచదారలా రాలుతుంది. మెత్తటి బ్రష్, మామూలు నీళ్లు, ఓపిక ఉంటే అది శుభ్రపడుతుంది.

అలాంటి రోజున సాయం చేస్తామని చాలామంది వస్తారు. ఎంత ముచ్చటపడి అడిగినా నీళ్లు కొట్టే గన్ వాళ్ల చేతికి ఇవ్వకండి. ఆ ధార చర్మంలోకి దూరితే పైకి సూదిపోటంత గాయమే కనిపిస్తుంది, లోపల కండ పాడవుతుంది. ఎవరికి తగిలినా కట్టు కట్టి ఊరుకోకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లి, ప్రెషర్ వాషర్ దెబ్బ అని డాక్టర్‌కి చెప్పాలి. వచ్చినవాళ్లకు కుర్చీలు జరపడం, చీపురుతో నీళ్లు తోయడం, దారి దగ్గర కాపలా అప్పగించండి. పెట్రోల్ మెషిన్ అయితే కిటికీలకు దూరంగా, ఆరుబయటే నడపండి.

అంతా అయ్యాక పైపులు చుట్టుకుని వెంటనే బయల్దేరకండి. కడిగిన ర్యాంపు తడిగా ఉన్నప్పుడు జారుతుంది. శుభ్రమైంది కదా అని పెద్దవాళ్లు వెంటనే దాని మీదికి వస్తారు. అడ్డంగా ఒక తాడు కట్టి, అది ఆరేదాకా మీ కుర్రాళ్లలో ఒకరిని అక్కడే నిలబెట్టండి.