ముందు నిద్ర సంగతి చూడండి

"పది రోజుల మౌన ధ్యాన శిబిరం నుంచి వచ్చాక మా తమ్ముడు నిద్రపోవడం లేదు, తనకు జ్ఞానోదయమైందంటున్నాడు, ఇది ఆధ్యాత్మిక జాగృతా, మానసిక వ్యాధా?" అని అడిగారు. 2014లో మీ తమ్ముడి స్థితిలో నేనున్నాను కనుక చెబుతున్నాను: ఆ చర్చను పక్కన పెట్టి, అతను రాత్రికి ఎన్ని గంటలు నిద్రపోతున్నాడో ఈరోజే లెక్కపెట్టండి.

శిబిరం నుంచి హైదరాబాద్ చిక్కడపల్లిలోని మా ఇంటికి వచ్చిన నాలుగో రాత్రి, మూడు గంటల వేళ, బోరు మోటారు రొదలో నాకు స్పష్టంగా ఓంకారం వినిపించింది. ట్యాంకు నిండి, నీళ్లు మెట్ల మీదుగా కింది వాటావాళ్ల గుమ్మం దాకా పారుతున్నా, మోటారు ఆగితే సృష్టి ఆగిపోతుందని ఏడుస్తూ స్విచ్చికి చేయి అడ్డం పెట్టి నిలబడ్డాను. అమ్మ నాతో వాదించలేదు. పెరుగన్నం కలిపి తెచ్చి, "ముందు ఇది తిను నాన్నా" అంది. ముద్ద అందుకోవడానికి నేను చేయి తీయగానే నాన్న మోటారు కట్టేశారు.

కుండలిని లేచిందనీ, మందులు వాడితే ఆ శక్తి అణగారిపోతుందనీ పెదనాన్నగారు తీర్పు చెప్పారు. గాలి సోకిందని మేనత్త తాయెత్తు తెచ్చింది. శిబిరానికి ఫోన్ చేస్తే, మనసులో పేరుకున్న పాత సంస్కారాలు బయటపడుతున్నాయి, సాధన ఆపవద్దన్నారు. నాలుగు రాత్రులుగా కన్ను మూయనివాణ్ని ఇంకా కూర్చోమన్న ఆ సలహా మీద నాకు ఇప్పటికీ కోపమే. మానసిక వైద్యశాల ఉన్న ఎర్రగడ్డ అన్న మాటను మన ఊళ్లో తిట్టుగా మార్చేసుకున్నాం కనుక, డాక్టరు దగ్గరికి వెళ్లడానికి మా వాళ్లకు మరో ఆరు రోజులు పట్టింది.

కుండలిని పేరెత్తే పెద్దలు, తన కుండలిని అనుభవాన్ని పుస్తకంగా రాసిన కాశ్మీరీ గోపీకృష్ణ కథను సగమే చెబుతారు. 1937లో జమ్మూలో ధ్యానం చేస్తుండగా ఆయనకు మహత్తరమైన వెలుగు అనుభవమైన మాట నిజమే. ఆ తరువాత ఒళ్లంతా మంటలతో, నిద్రలేమితో, మతి తప్పుతోందన్న భయంతో ఏళ్ల తరబడి నలిగిపోయానని రాసుకున్నదీ ఆయనే.

నేను విన్నది దైవమో కాదో డాక్టరు తేల్చబోలేదు. ఆయన రాసిచ్చిన మాత్రలతో మూడో రోజుకు తొమ్మిది గంటలు నిద్రపోయాను, లేచేసరికి మోటారు మోటారులాగే మోగుతోంది. శిబిరంలో ఏడో రోజున కలిగిన ప్రశాంతత మాత్రం నిజమైనదేనని నమ్ముతున్నాను. మందులు దాన్ని చెరపలేదు.

మీ తమ్ముడి చేత ధ్యానం ఆపించండి, ఒంటరిగా మేడ మీదికి పోనివ్వకండి. ఈ రాత్రే భయమనిపిస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలిమానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు. డాక్టరు దగ్గరికి బయలుదేరేముందు, ఇంట్లో ఇంతకుముందు ఎవరికైనా ఇలా జరిగిందా అని మీ అమ్మగారిని అడగండి. మా తాతయ్య సంగతి ఆ డాక్టరు గదిలోనే మొదటిసారి అమ్మ నోట విన్నాను.